మీటరు బాబాయ్

అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన మూడు నెలలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. పదిహేడేళ్లు మిషన్లు బాగుచేసిన చేతులు ఊరికే ఉంటాయా! ఫ్యాను విప్పాడు, మిక్సీ విప్పాడు, చివరికి చక్కగా నడుస్తున్న గోడగడియారం మీద కూడా పడేసరికి భార్యకు ఓపిక నశించింది.

"ఇంకొక్క స్క్రూ ఊడదీశారంటే నేను మా అన్నయ్యింటికి పోతా. కమ్యూనిటీ కాలేజీలో కంప్యూటర్లూ ఎలక్ట్రానిక్సూ నేర్పుతారట. వయసుతో పనిలేదట. వెళ్లి అక్కడ విప్పుకోండి!" అంది.

అలా నలభై నాలుగో ఏట మళ్లీ బెంచీ ఎక్కాడు. క్లాసులో మిగతావాళ్లంతా ఇరవై అటూ ఇటూ. మొదటిరోజు మధ్యాహ్నానికే అందరికీ బాబాయ్ అయిపోయాడు. ల్యాబులో పక్క స్టూలు ఒక పందొమ్మిదేళ్ల అమ్మాయిది. ఆ పిల్లకి నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. అందుకే ఆమెను అందరూ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లు.

పాఠాలు బాబాయ్‌కి బాగానే ఎక్కాయి. రెండోవారం ల్యాబు మేడమ్ చిన్నచిన్న అరల బీరువా తెరిచి, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దవి నాలుగు తీసి అరచేతిలో పోసుకున్నారు.

"ఇవి రెసిస్టర్లు. ఏది కరెంటును ఎంత అడ్డుకుంటుందో దాని ఒంటిమీదున్న రంగు గీతలే చెబుతాయి. ఆ రంగులు నోటికి వచ్చేయాలి," అన్నారు.

బాబాయ్‌కి చిక్కంతా అక్కడే. పుట్టినప్పటి నుంచీ ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా కాఫీరంగూ ఒక్కలాగే, తడిసిన మట్టిలా కనిపిస్తాయి. రెండో తరగతిలో చిలక బొమ్మకు ఒళ్లంతా ఎర్రరంగు పూసినప్పుడు క్లాసు క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు. ఫ్యాక్టరీలో ఏ తీగ ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చాడు. ఇక్కడ అలా కుదిరేలా లేదు.

కుదరలేదు కూడా. మొదటి సర్క్యూటులో ఆయన బల్బు వెలగనేలేదు. ఎక్స్‌ప్రెస్ మెడ చాచి చూసింది.

"అయ్యో బాబాయ్! వెయ్యి ఓములది పెట్టమంటే పది లక్షలది పెట్టారేంటి? ఇది పచ్చగీత, ఎర్రగీత కాదు!"

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా," అన్నాడు బాబాయ్. ఆయనకు అసలు కళ్లజోడే లేదు.

ఆ సాయంత్రం చదువు మానేద్దామనుకున్నాడు. బస్సు దిగి ఇంటికి నడిచేలోపు మనసు మార్చుకున్నాడు. గీతలు చెప్పే మాట మీటరు కూడా చెబుతుంది కదా! మర్నాటి నుంచి అరగంట ముందే ల్యాబుకు చేరుకునేవాడు. ఒక్కో రెసిస్టర్‌ను మీటరుతో కొలిచి, కాగితం ముక్క మీద అంకె రాసి, దానికి గుచ్చి పక్కన పెట్టుకునేవాడు. కొలవనిదే ఒక్కటీ బోర్డు ఎక్కించడు. వారం తిరక్కుండా ఆయన పేరు కాస్తా మీటరు బాబాయ్ అయిపోయింది.

"మీరు కొలవడం అయ్యేలోపు నా పెళ్లీ పేరంటం అయిపోతాయి!" అని ఎక్స్‌ప్రెస్ వేళాకోళం చేసేది. ఆయన నవ్వి, ఇంకోటి మీటరుకు తగిలించేవాడు.

ఆర్నెల్ల చివర ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. చిన్న లైటు సెకనుకొకసారి వెలిగి ఆరాలి. అంతే పని. ఎవరి బెంచీ వారిది, మాటలు కూడదు. ఆ వారమే కొత్తగా వచ్చిన పెట్టెలోంచి తలా గుప్పెడు పదివేల ఓముల రెసిస్టర్లు తీసుకోమన్నారు.

బాబాయ్ అలవాటు కొద్దీ మొదటిది కొలిచాడు. పదివేలు చూపించాల్సిన చోట వెయ్యి చూపించింది. రెండోదీ వెయ్యే, మూడోదీ వెయ్యే. మీటరు పాడైందేమోనని మార్చి చూశాడు. అదీ అదే పాట! తప్పు తనదే అయ్యుంటుంది, చూడరాక వేరే పెట్టెలోంచి తీసుకుని ఉంటాననుకున్నాడు. ఎవరినీ అడిగే దారి లేదు. లేచి, పాత బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి కొలిచి, పదివేలు పలికిన రెండింటిని తెచ్చుకున్నాడు. అప్పటికే అందరూ తీగలు బిగించేసి కూర్చున్నారు.

మేడమ్ కరెంటు ఇమ్మన్నారు. బోర్డుల మీది లైట్లన్నీ చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికిపోయాయి. ఒక్కటీ నిలకడగా వెలిగి ఆరడం లేదు. ఎక్స్‌ప్రెస్ మొహం ఏడుపొక్కటే తక్కువ అన్నట్టుంది. మేడమ్ ఒక్కో బోర్డూ తిప్పి చూస్తున్నారు, తప్పేమీ కనపడటం లేదు. మూలనున్న బాబాయ్ బెంచీ మీద మాత్రం ఒక లైటు తాపీగా వెలుగుతోంది, ఆరుతోంది.

"మీదొక్కటే ఎలా పనిచేస్తోంది?" అని మేడమ్ దగ్గరికొచ్చారు.

"కొత్తవి వెయ్యి చూపించాయండి. పాతవి పెట్టాను."

మేడమ్ మీటరు అందుకుని కొత్తవి నాలుగైదు కొలిచారు. గీతలు పదివేలంటున్నాయి, లోపల ఉన్నది వెయ్యి. తయారుచేసిన చోటే పెట్టె మొత్తానికి తప్పు గీతలు వేశారు. అడ్డు పదోవంతుకు తగ్గేసరికి లైట్లు పదిరెట్లు వేగంగా కొట్టుకున్నాయి.

"గీతలు చూసి అందరం నమ్మేశాం. మీరెందుకు నమ్మలేదు?"

కళ్లజోడు మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"నాకు ఆ గీతలు తెలియవు మేడమ్. ఎరుపూ పచ్చా నాకు ఒకటే. అందుకే కొలుస్తాను."

ల్యాబంతా చెవులు రిక్కించింది. ఒక్కరూ నవ్వలేదు.

"ముందే చెప్పాలి కదండీ!" అన్నారు మేడమ్, కాస్త కోపంగానే. "రేపు పెద్ద కరెంటు తీగల దగ్గర రంగు తేడా వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇకనుంచి మీ తీగలన్నిటికీ అంకెల చీటీలు అంటిద్దాం. కొన్ని ఉద్యోగాల్లో కళ్ల పరీక్ష పెడతారు, వాటి జోలికి వెళ్లకండి. రిపేరు బెంచీకి మాత్రం మీలాంటివాళ్లే కావాలి."

అందరికీ పాతవి ఇచ్చి మరో గంట గడువు ఇచ్చారు. కొలిచిపెట్టే పని బాబాయ్‌ది. ఆయన బెంచీ ముందు వరస కట్టారు. వరసలో మొదట ఎక్స్‌ప్రెస్.

"సారీ బాబాయ్, పచ్చగీత అంటూ ఆ రోజు అంత అరిచాను," అంది.

"అరిచావు కాబట్టే మీటరు పట్టానమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి భార్యను కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని మరీ సంగతి బయటపెట్టాడు. ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపలేదు.

"పెళ్లైన కొత్తలో ఎర్రచీర తెమ్మంటే ఆకుపచ్చది తెచ్చి, 'నిప్పులా ఉంది చూడు' అన్నారు. అప్పుడే తెలిసింది నాకు."

"మరి చెప్పలేదేం?"

"అంత మురిసిపోతూ తెస్తే ఏం చెప్పను? పైగా ఆ పచ్చ నాకు బాగా నప్పింది!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు.

రెండో సెమిస్టరులో కంప్యూటర్లు విప్పడం మొదలైంది. మొదటిరోజు ఒక పాత కంప్యూటరు మూత తీయగానే లోపలి దుమ్ము గుప్పుమని లేచింది. బాబాయ్ వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. ఎక్స్‌ప్రెస్ లెక్కపెట్టి చెప్పింది. మేడమ్ బ్రష్షు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని, సంతోషంగా పనిలో తల దూర్చాడు.