సొట్ట గుంటలో ఎరుపు

నేను ఒక ఇడ్లీ ప్లేటును. ఏడు గుంటలు, చిల్లులు లేని పాతకాలపు రకం. ఇడ్లీ ప్లేటుకేం ఆత్మకథ అని నవ్వకండి. పొద్దున్నే లేచి మీరు వెతుక్కునేది మా వాళ్లనే.

తుని బజారు వెనక ఒక రేకుల షెడ్డులో పుట్టాను. టిఫిన్ బండి సన్యాసమ్మ దగ్గర పదకొండేళ్లు ఆవిరిలో ఉడికాను. పేరు మాత్రం ఆవిడ చట్నీకి వచ్చింది. ఒకరోజు ఆవిడ చేయి జారి రాతి మీద పడ్డాను. నడిమి గుంటకు సొట్ట పడింది. అప్పట్నుంచి అందులో ఇడ్లీ వంకరగా వచ్చేది. అది ఎవరి ఆకులో పడినా "ఇది మార్చమ్మా" అనేవారు. నమిలి మింగేదే అయినా మనుషులకు గుండ్రంగా ఉండాలి. సన్యాసమ్మ విసిగిపోయి నన్ను పక్కవీధి అంగన్‌వాడీ టీచరు వరహాలుకు ఇచ్చేసింది.

ఆవిడ నా గుంటల్లో పసుపు నీళ్లు, కుంకుమ నీళ్లు, నీలిమందు పోసింది. నా ఖర్మ అనుకున్నాను. కానీ పసుపులో నీలం కలిసి ఆకుపచ్చగా మారగానే పిల్లలు వేసిన కేకలు విన్నాక పొయ్యి మీద బెంగ తీరిపోయింది. ఏ రంగు వస్తుందో ముందు చెప్పాలి, తర్వాత పుల్లతో కలపాలి. అదీ ఆట.

నాలుగేళ్ల లోవ మాత్రం నోరు విప్పేది కాదు. చేరి రెండు నెలలైనా ఒక్క మాట లేదు. పిల్లను డాక్టరుకు చూపించమని టీచరు వాళ్ల అమ్మమ్మకు చెప్పింది. "ఇంటికాడ వాగుతానే ఉంటాదండీ" అంది ఆ ముసలామె. ఎవరూ నమ్మలేదు.

ఒకరోజు తెల్లరంగు అయిపోయింది. టీచరు కిళ్లీ కొట్టు నుంచి తాంబూలం సున్నం తెచ్చి ఒక గుంటలో వేసింది.

"పసుపులో తెలుపు కలిపితే ఏమొస్తుంది?"

"లేత పసుపు" అని అందరూ అరిచారు. గోడ మీద చార్టులోనూ అదే ఉంది.

"ఎరుపు" అంది వెనక నుంచి ఒక సన్నని గొంతు.

అది లోవ. పిల్లలు పకపకా నవ్వారు. టీచరు చార్టు వైపు చూసి "కాదమ్మా, తప్పు" అనేసింది. ఈలోగా పిల్లల భోజనానికి గుడ్లు ఉడికాయి, కలపడం ఆగిపోయింది. లోవ తల దించుకుంది. నాకు భలే కోపం వచ్చింది. రెండు నెలలకు విప్పిన నోరు, ఇక మూసుకుంటే మళ్లీ ఎప్పటికో.

భోజనాలయ్యాక పిల్లలంతా పడుకున్నారు. లోవ చాప మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. పుల్లతో పసుపునూ సున్నాన్నీ తీసి నా సొట్ట గుంటలోనే వేసి కలిపింది. పుల్ల రెండు చుట్లు తిరిగేసరికి ఎర్రగా తేలింది.

పక్కనే రిజిస్టరు రాసుకుంటున్న టీచరు కలం ఆపింది. తన పెళ్లిలో కాళ్లకు పూసింది ఈ ఎరుపే. చార్టు చూసుకుంటూ కాళ్ల సంగతే మరిచింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మాయమ్మమ్మ పెళ్లికూతుళ్లకి పారాణి కలుపుద్ది. నేనే తిప్పుతాను" అంది లోవ.

టీచరు ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "నాదే తప్పు తల్లీ" అని, చార్టులో లేత పసుపు పక్కన "సున్నమైతే ఎరుపు" అని రాసింది.

ఆ మరక నన్ను వదల్లేదు. బూడిదతో తోమినా గీతలా మిగిలింది. ఇప్పుడు ఆట మొదలవగానే పిల్లలు సొట్ట గుంట కోసం కొట్టుకుంటారు. టీచరేమో రోజుకు పదిసార్లు "ఒక్క నిమిషం ఊరుకో, లోవా" అని బతిమాలుతోంది.