ఆకుపచ్చ షట్టరు ఉన్న ఇల్లు

పక్కనున్న పాత కిటికీకీ ఈ కొత్తదానికీ ఎత్తు సరిపోయినట్టేనా, లేక ఇది ఓ బెత్తెడు కుంగినట్టుందా, పొద్దుట సరిగ్గానే కనపడిందే, ఎండ పడితే కిటికీలు కుంగుతాయా ఏమిటి, తన పిచ్చి గానీ, అనుకుంటూ అతను వీధి అవతలి వైపు నిలబడి, సొంత ఇంటిని అద్దెకు అడగడానికి వచ్చినవాడిలా ఎగాదిగా చూసుకుంటున్నాడు, కొత్త తలుపు, దాని పక్కన కిటికీ, తలుపు దాకా పలకరాళ్ల బాట, బాటకు రెండు వైపులా ఇంకా వేళ్లు పట్టని మొక్కలు, మొన్నమొన్నటి దాకా ఇక్కడ ఆకుపచ్చ షట్టరు ఉండేది, దాని వెనక కారు, కారు వెనక పాత టైర్లు, కాలు విరిగిన కుర్చీ, ఎలుకలు, ఇప్పుడు అక్కడికి చెల్లెలు వస్తోంది, ఇంకాసేపట్లో, సూట్‌కేసులతో సహా, ఉండటానికి.

కారు షెడ్డులో ఉండటానికి నేనేం కారునా అన్నయ్యా, అని నవ్వింది ఆవేళ ఫోనులో, ఆ నవ్వు అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు, మోకాలు దోక్కుపోయి రక్తం కారుతున్నా అలాగే నవ్వేది, మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చేశాక పెద్దక్క హాల్లో మడతమంచం మీద పడుకుంది ఇన్నాళ్లూ, ఎవరైనా వస్తున్నారంటే మంచం మడవాలి, మంచంతో పాటు తనూ మడుచుకోవాలి, అక్క మంచిదే, పల్లెత్తు మాట అనలేదు, అననందుకే మరీ ఇరుకుగా ఉండేదిట, ఇప్పుడీ ఊళ్లో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది, ఏదో ఒక గది వెతుక్కుంటానంది, గది ఎందుకే, షెడ్డునే ఇల్లు చేయిస్తాను, విడిగా తలుపు, విడిగా వంటగట్టు, అన్నాడు అతను, అప్పుడే ఆ నవ్వు, నవ్వాక, సరే వస్తాను, కానీ వీధిలోంచి చూడగానే ఇది షెడ్డని తెలిసిపోయిందనుకో, సూట్‌కేసు దించకుండానే వెళ్లిపోతాను, ఏమీ అనుకోకు, అంది, అన్నంత పనీ చేసే మనిషి, మొగుణ్ణి వదిలేసిన రోజు కూడా ముందు చెప్పే చేసింది.

లోపలి పని ఇట్టే అయిపోయింది, బయటి ముఖమే మూడు చెరువుల నీళ్లు తాగించింది, షట్టరు పీకి గోడ కట్టిన సాయంత్రమైతే తను ఆఫీసునుంచి వచ్చి, అలవాటు చొప్పున గోడ ముందు కారు ఆపి, షట్టరు రిమోటు నొక్కి, గోడ పైకి లేస్తుందని కూర్చున్నాడు, లేవకపోతే బ్యాటరీ అయిపోయిందేమోనని ఇంకోసారి గట్టిగా నొక్కాడు, అది చూసిన భార్య గుమ్మంలోనే కూలబడి నవ్వింది, ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్ల కంటే ముందు ఆ కథే అందిస్తుంది, అందించనీ, కానీ రంగు దగ్గర ఎవరికీ నవ్వు రాలేదు, అటక మీది పాత డబ్బా దింపి, దాని మీది నంబరు చూసి, అదే రంగు తెప్పించి కొత్త గోడ వరకే వేయించాడు, మిగతా ఇల్లంతా అదే రంగు కదా అని, తెలివి, ఆరాక వీధిలోకొచ్చి చూస్తే ఏముంది, ఎండలకీ వానలకీ వెలిసిపోయిన గోడ మధ్యలో మిలమిలా మెరుస్తూ షట్టరంత ఎత్తు, షట్టరంత వెడల్పు, అచ్చంగా షట్టరే, ఇనపదాన్నైతే పీకించాడు, దీన్నెలా పీకించడం, నంబరు తప్పు లేదండీ, అని పెయింటరు తల గోక్కున్నాడు, భార్య నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, వెలిసిన చీరకి కొత్త గుడ్డ అతుకేస్తే చిరుగే కనపడుతుందండీ, అంది, ఇక ముందు వైపంతా గీకించి, లప్పం పెట్టించి, ఆ పాత రంగు జోలికే పోకుండా మట్టి రంగు వేయించి, సన్‌షేడ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీతలా పొడిగించి, కొత్త కిటికీకి పాత కిటికీలాంటి చువ్వలే వెతికి పెట్టించి, ఇంకా పోని ఆ సిమెంటు దారి ఒకటి, కారు లేకపోయినా ఇటు కారొస్తుందని ఊరంతా చాటే దారి, దాన్నీ పగలగొట్టించి మొక్కలు నాటి, పెద్ద గేటు తీసి చిన్న గేటు పెట్టించి, కారు మాత్రం పాపం ప్రహరీ పక్కన ఎండలో.

ఏవండీ, మనిషొచ్చేసరికి వీధిలో కాపలావాడిలా కనపడతారా, అని భార్య లోపలినుంచి కేకేసింది, నిజమే, ఎదురెళ్లకూడదు, అన్నయ్యని చూస్తే ఎలాగూ నవ్వుతుంది, ఆ నవ్వు అక్కర్లేదు, అన్నయ్య కనపడకముందు ఇంటిని చూసే ముఖం కావాలి, అని లోపలికొచ్చి హాలు కిటికీ తెర వెనక నిలబడ్డాడు, అదిగో టాక్సీ, మలుపు తిరిగింది, పైన సూట్‌కేసులు, నెమ్మదించింది, అద్దంలోంచి చెల్లెలి ముఖం, ఇటే చూసింది, గేటు వంక, తలుపు వంక, గోడ వంక, నుదురు ముడిపడింది, డ్రైవరుతో ఏదో అంది, టాక్సీ ఆగలేదు, ఆగదేమిటి, అదేమిటి, వెళ్లిపోయింది.

తెలిసిపోయింది, ఎక్కడ తెలిసింది, కిటికీ దగ్గరే అయ్యుంటుంది, బెత్తెడు కుంగిందని తనకి ఇందాకటినుంచీ అనుమానంగానే ఉంది, లేకపోతే గేటు స్తంభాలు, చిన్న గేటు పెట్టినంత మాత్రాన ఆ రెండింటి మధ్యా కారు పట్టేంత చోటుందని కనపడదా, ఎంత పూసినా షెడ్డు షెడ్డే, సూట్‌కేసు దించకుండా వెళ్లిపోతానంది, అసలు మనిషే కిందికి దిగలేదు, మళ్లీ ఆ మడతమంచానికేనా, చేయి జేబులోకి పోతే పాత రిమోటు తగిలింది, ఎందుకు దాచుకున్నాడో తనకే తెలీదు, నొక్కాడు కూడా, వెర్రివాడిలా, అప్పుడు ఫోను మోగింది, అన్నయ్యా, మీ ఇల్లెక్కడ పోయింది, వీధంతా తిరిగి చివర పార్కు దగ్గరికొచ్చేశాం, షట్టరు తీసేసిన అతుకు కనపడుతుంది కదా, అదే ఆనవాలని, ప్రతి ఇంటి గోడా చూస్తూనే వచ్చాను, ఎవరింటికీ లేదు, అంది.

ఏమన్నావు, మళ్లీ చెప్పు, అన్నాడు అతను, మళ్లీ చెప్పింది, విసుక్కుంటూ, ఆ విసుగు ఎంత బాగుందో, తెర పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూర్చుండిపోయాడు, భార్య పరుగున వచ్చి ఏమైందండీ అంటే, మన ఇల్లు కనపడలేదుటే, కనపడలేదుట, అని నవ్వుతున్నాడు, ఆవిడ అతని ముఖం చూసి, అర్థమై, ముందు లేవండి, చెల్లెలికి స్వాగతం నేల మీంచే చెప్తారా, అంది.

టాక్సీ వెనక్కొచ్చింది, చెల్లెలు దిగి గేటు దగ్గరే చాలాసేపు నిలబడింది, తర్వాత కొత్త గోడ మీద అరచేయి వేసి ఇటునుంచి అటు దాకా రాసి చూసింది, ల్యాబులో పనిచేసే మనిషి కదా, అంత తేలిగ్గా నమ్మదు, ఏమీ దొరకలేదు, కారెక్కడ అన్నయ్యా, అంది, ఎండలో, అన్నాడు, అయ్యో, నాకోసం దాన్ని వీధిన పడేశావా, అని నవ్వింది, ఇది వేరే నవ్వు, వదిన చేతిలోంచి తాళంచెవి తీసుకుని, తలుపు తీసుకుని, లోపలికెళ్లి, గాలి కొడుతోందనో మరెందుకో, తలుపు మూసేసుకుంది.

మిగిలిన సూట్‌కేసు మోసుకుంటూ పలకరాళ్ల మీద నడిచి అతను అలవాటుగా తలుపు తోయబోయాడు, ఎన్నేళ్లుగా ఇక్కడికి అడక్కుండా వచ్చిపోయాడు, తన కారు, తన టైర్లు, తన షెడ్డు, చేయి గాలిలోనే ఆగింది, ఆ చేత్తోనే బెల్లు నొక్కాడు, ఎవరూ, అని లోపల్నుంచి కేక, గట్టిగా, తాపీగా, అక్క హాల్లో ఎవరొచ్చినా ఉలిక్కిపడి లేచి మంచం మడిచిన మనిషి, ఎవరూ అని అడుగుతోంది, తీయడం తీయకపోవడం దాని ఇష్టం, కాస్త ఆలస్యంగా తీసినా తప్పులేదు, నేనేనే, అన్నయ్యని, అని చెప్పి అతను సూట్‌కేసు కింద పెట్టి, సన్‌షేడ్ నీడలో చుట్టంలా నిలబడ్డాడు, చెల్లెలింటికి వచ్చాడు తను.