రెండు పంచాంగాల ఓడ

నేను ఒక లంగరుని, రెండు కొక్కేల్లో ఒకటి విరిగిపోయినదాన్ని. నన్ను కొట్టింది డచ్చి కమ్మరి. కొన్నది ఇంగ్లీషు కెప్టెను. లంగరుకు జాతేమిటి? ఎవడు తాడు కడితే వాడిదాన్ని.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట నత్తలదిబ్బ అనే దీవి ఉంది. నాలుగు వందల ఏళ్ళ కిందట మా ఓడ దాని ముందు ఇసుకమేటలో కూరుకుపోయింది. నా కొక్కెం విరిగింది అప్పుడే. దిబ్బమీది పల్లెకారులు ఆడామగా అందరూ నడుంలోతు నీళ్ళలోకి దిగి ఓడను నెట్టారు. ఓడమీద రాతగాళ్ళు ఇద్దరు, ఒక ఇంగ్లీషువాడు, ఒక డచ్చివాడు. ఇద్దరూ గట్టువైపు చూశారు. గట్టు ఖాళీ. ‘మొదట వచ్చింది మేమే, ఇక్కడ మనుషుల్లేరు’ అని ఎవరి భాషలో వాళ్ళు రాసుకున్నారు. కిందికి తొంగిచూస్తే తలకాయలు కనపడేవి. పైగా ఇద్దరి పంచాంగాలూ వేరు. ఒకే రోజుకు పదిరోజుల తేడాతో రెండు తేదీలు పడ్డాయి.

కదిలిన ఓడ నన్ను వదిలేసి పోయింది. పల్లెకారులు గట్టుకు ఈడ్చుకొచ్చి, తరతరాలుగా నాకు పడవలు కట్టేసుకున్నారు.

మొన్నామధ్య దిబ్బమీద రేవు కడతామని ఒక కంపెనీ వచ్చింది. తెల్లవాళ్ళకు ముందునుంచీ ఉన్నట్టు రుజువుంటే ఇళ్ళు ఉంటాయి, లేకపోతే ఖాళీ చెయ్యాలన్నాడు విచారణకొచ్చిన అధికారి. ఆయన పిలిపించిన ఇద్దరు ప్రొఫెసర్లు ఆ రాతగాళ్ళ రెండు రాతలూ పట్టుకొచ్చి, నా పక్కనే కుర్చీలు వేయించుకుని, డచ్చి ఓడ ముందా, ఇంగ్లీషు ఓడ ముందా అని పూటంతా వాదించుకున్నారు. ఉన్నది ఒకే ఓడ మహాప్రభో అని అరవాలనిపించింది. ఇనుముకు నోరేదీ?

వలలు అల్లే ముసలామె నాంచారమ్మ వాళ్ళకు మజ్జిగ అందిస్తూ అంది:

“ఎవురు ముందొత్తే ఏంటి బాబూ. ఆళ్ళ ఓడ నెట్టింది మా తాతలే గదా.”

“కాగితం ఉందా మామ్మా?” అన్నాడు అధికారి.

“నీళ్ళలో నిలబడి నెట్టేటోడి చేతిలో కాయితం ఉంటే నానిపోదా అయ్యా?”

అందరూ నవ్వారు. అధికారీ నవ్వాడు, మజ్జిగ తాగాడు, గ్లాసు బోర్లించి తీర్పు చెప్పాడు.

“రెండు రాతలకీ తేదీ దగ్గరే పేచీ. మనుషుల్లేరన్న మాట దగ్గర రెండూ ఒకటే.”

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. ఎవరి మనసూ నొప్పించకుండా నా ముందు బోర్డుమీద రెండు తేదీలూ వేశారు. ప్రొఫెసర్లు అప్పుడప్పుడూ వచ్చి ఇంకా వాదించుకుంటారు. నాంచారమ్మ వాళ్ళను ఎటు తోలారో నాకు చెప్పేవాళ్ళు లేరు.

ఆ రాతగాళ్ళిద్దరూ ఇవాళ వచ్చి నత్తలదిబ్బను చూసుకుంటే, రాసినదాంట్లో ఒక్క అక్షరం కొట్టెయ్యక్కర్లేదు.