మూడో తక్బీర్ తర్వాత

ఫోల్క్‌మార్ థీసెన్ గారు పాదిరి కొడుకు. అబ్బాయి ఇస్లాంను ఖండించి వస్తాడనుకుని తండ్రి అరబీ చెప్పించాడు. అబ్బాయి చదివారు, ఖండించలేదు. చర్చికి వెళ్ళడమూ మానేశారు. జర్మనీలోని గోటింగెన్‌లో ప్రొఫెసరయ్యారు. ముస్లింల అంత్యక్రియల మీద ఆయన రాసిన రెండు సంపుటాలతో పెద్ద పేరు వచ్చింది. అప్పట్లో నేను ఆయన సహాయకుణ్ణి.

1964 ఫిబ్రవరిలో ఇటుకల ఫ్యాక్టరీలో గోడ కూలి హిదిర్ అనే తుర్కీ కార్మికుడు చనిపోయాడు. శవాన్ని వాళ్ళ దేశం పంపే దారి లేదు. తోటివాళ్ళు యూనివర్సిటీలో మా గదికి వచ్చారు. ముందు నిలబడ్డవాడు దుర్సున్. చదువుకున్న గురువును వాళ్ళు హోజా అంటారు.

"హోజా, మావోడికి మీరే నమాజు చదవాలి. ఊళ్ళో ఇవన్నీ ఇమాం చూసుకునేవాడు. మాకు వెనక నిలబడ్డమే వచ్చు."

"నేను చదవకూడదయ్యా. నాకు విశ్వాసం లేదు."

"అన్నీ వచ్చి విశ్వాసం లేకపోడమేంటి హోజా? రొట్టెల కొట్టు పెట్టుకుని పస్తులున్నట్టుంది మీ యవ్వారం!"

థీసెన్ గారు నవ్వలేదు. "అలాగే అనుకో. నీకు నేర్పుతా, నువ్వు చదువు."

శవానికి స్నానం ఎలా చేయించాలో ఆస్పత్రి గుమ్మం బయటే నిలబడి చెప్పారు. శ్మశానం కాపలాదారు మాత్రం మొండికేశాడు.

"మక్కా వైపంటూ గొయ్యి అడ్డంగా తవ్వితే వరస చెడుతుంది. గడ్డి కోసే బండి ఎలా తిరుగుతుందండీ?"

"తిరక్కపోతే నేనొచ్చి కోస్తా. తవ్వు."

ఖననం రోజు మంచు కురుస్తోంది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డారు. మిగతావాళ్ళకు వినబడాలని దుర్సున్ గట్టిగానే చదివాడు. మూడో తక్బీర్, అంటే మూడోసారి 'అల్లాహు అక్బర్', చెప్పాక నోరు పెగల్లేదు. పోయినవాడి కోసం వేడుకోవలసిన చోటది. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

థీసెన్ గారు మొదటి మాట అందించారు. దుర్సున్ అందుకోలేదు. రెండోది అందించారు. చివరికి మొత్తం ఆయనే చెప్పారు: ఇతన్ని క్షమించు, ఇతను విడిచిన ఇంటికన్నా మంచి ఇల్లివ్వు. ఇంటి మాట రెండుసార్లు అన్నారు.

"ఆమీన్" అన్నారు వాళ్ళు.

వారం తిరక్కుండానే ఊరంతా పాకింది. భోజనశాలలో ఓ సహోద్యోగి అడిగాడు: "ఏం థీసెన్, సున్తీ ఎప్పుడు?"

"మీ సూప్ చల్లారిపోతోంది, తాగండి."

ఉండబట్టలేక నేనూ అడిగాను. "మీరు మాట అందించారా, ప్రార్థన చేశారా?"

"తెలియదయ్యా. తెలిస్తే రాస్తాను."

రాయలేదు. మూడో సంపుటం ఎప్పుడని ప్రచురణకర్తలు అడుగుతూనే ఉన్నారు. ఆయన ఆదివారాలు కార్మికుల షెడ్లకు వెళ్ళి, టీ తాగుతూ పాచికలాటలో దుర్సున్ చేతిలో ఓడిపోయి వచ్చేవారు. పదిహేనేళ్ళకు పోయారు. ఆ సంపుటం పూర్తిచేయమని ప్రచురణకర్తలు నన్ను అడిగారు. నేను ఒప్పుకోలేదు.