తొంభై దాకా

ఆఫీసులో అతన్ని అందరూ నిమిషాలయ్య అనేవారు. ఊళ్లో ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి రావాలో రాసేది అతనే మరి. ఆ మహానుభావుడు బస్సెక్కి మాత్రం పదకొండేళ్లయింది.

ఆ పొద్దున మీటింగులో పెద్దాఫీసరు అడిగాడు, జనం బస్సులొదిలేసి కార్లెందుకు కొంటున్నారని. నిమిషాలయ్య తడుముకోకుండా, "బద్ధకం సార్" అన్నాడు. కాసేపాగి, అయిదేళ్ల తన కూతురు చిట్టి తొంభై దాకా గడగడా లెక్కపెడుతుందని గొప్పలు పోయాడు. వంద దాకా ఎందుకు వెళ్లదో, ఎంత నేర్పినా తొంభై దగ్గరే ఎందుకు ఆగిపోతుందో అతనికి అంతుపట్టలేదు.

మధ్యాహ్నం మెకానిక్ ఫోన్ చేశాడు. "మీ కారు క్లచ్ పోయింది సార్, రేపటిదాకా ఇవ్వలేను."

సరిగ్గా ఈరోజే భార్యకి ల్యాబ్‌లో సాయంత్రం డ్యూటీ. ఆరింటికి డే కేర్ మూసేలోగా చిట్టిని తెచ్చుకోవాల్సింది అతనే. రోజూ బస్సులో వెళ్లి తెచ్చే భార్య ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్లింది. మూడోసారి ఆలస్యమైతే సీటు వేరేవాళ్లకిస్తామని డే కేర్ మేడం ఖరాఖండిగా చెప్పేసింది. ఇంకోచోట సీటు దొరకాలంటే ఏడాది పడుతుంది. అందాకా ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి. ఎవరు మానాల్సి వస్తుందో ఇద్దరికీ తెలుసు, అందుకే ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఆ కూడలి దగ్గర రెండు నిమిషాల్లో బస్సు మారడం నావల్ల కావట్లేదండీ" అని ఆమె మొత్తుకుంటే, "రెండు నిమిషాలంటే నూట ఇరవై సెకన్లు. నువ్వే తీరిగ్గా దిగి ఉంటావు" అని తీసిపారేశాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

అతనెక్కిన పద్నాలుగో నంబరు బస్సు అయిదూ ముప్ఫై రెండుకి, ఠంచనుగా అతను రాసినట్టే, కూడలికి చేరింది. డే కేర్ వైపు వెళ్లే ముప్ఫై ఒకటో నంబరు అయిదూ ముప్ఫై నాలుగుకి బయల్దేరాలి. అదిగో, రోడ్డుకి అవతలి పక్కన ఆగే ఉంది. దిగేవాళ్లని తోసుకుని దిగేసరికి అర నిమిషం పోయింది. ఎదురుగా ఆరు వరసల రోడ్డు, నడిచేవాళ్లకి ఎర్రదీపం.

అతని టేబుల్ మీది మ్యాపులో ఈ కూడలి పెసరగింజంత చుక్క. రెండు స్టాపులూ ఆ చుక్కలోనే ఉండేవి. రోజూ కారులో ఇక్కణ్ణుంచే వెళ్తాడు గానీ, నడిచేవాళ్లు ఆ దీపం దగ్గర ఎంతసేపు పడిగాపులు పడతారో అతనికెప్పుడు పట్టింది గనక?

కాలు ముందుకేస్తే లారీ, వెనక్కేస్తే మనిషి. డ్రైవరు కాస్త ఆగితే బాగుండునని మొక్కుకున్నాడు. టైము దాటాక స్టాపుల్లో అర నిమిషం కూడా ఆగొద్దని డ్రైవర్లందరికీ పోయిన నెల నోటీసు పంపింది తనే.

దీపం మారింది. రోడ్డు మధ్యకి వచ్చాడో లేదో, కళ్లముందే ముప్ఫై ఒకటి కదిలిపోయింది. చెయ్యెత్తి అరిచాడు, ఎవరూ చూడలేదు. మూడు ట్యాక్సీలు ఆపబోయాడు, మూడింట్లోనూ మనుషులున్నారు. తర్వాతి ముప్ఫై ఒకటి ఇరవై నిమిషాలకి వస్తుంది. ఆ ఇరవై కూడా తను రాసిందే. ఆ స్టాపులో అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

డే కేర్ చేరేసరికి ఆరూ తొమ్మిది. చిట్టి బూట్లేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. మేడం రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. ఆలస్యానికి కారణం రాసే గడిలో భార్య చేతిరాత రెండుసార్లు కనిపించింది: బస్సు అందలేదు. బస్సు అందలేదు. వాటి కింద అతను రాశాడు: బస్సు టైముకే వెళ్లిపోయింది.

"టైముకి వెళ్తే మీకెందుకు అందలేదు సార్?" అందామె.

ఆమె రిజిస్టరు మూసేసింది.

"నాకూ బాధగానే ఉంది. కానీ వెయిటింగులో ఉన్నవాళ్లకి ఏం చెప్పను? సోమవారం నుంచి పాపని తీసుకురాకండి."

ఈ మాట భార్యతో ఎలా చెప్పాలో తెలియక ఇంటికి వెళ్లే బస్సులో తల దించుకుని కూర్చున్నాడు. కూడలిలో దిగి మళ్లీ ఆ ఎర్రదీపం ముందే నిలబడ్డారు. చిట్టి అతని వేలు పట్టుకుని, అలవాటైన పాఠంలా మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు...

ఎనభై దాటేసరికి అతను తలెత్తి దీపం వైపు చూశాడు. సిగ్గుతో మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

చిట్టి తొంభై అనగానే దీపం మారింది.

"ఇంక పరిగెత్తాలి నాన్నా" అంది చిట్టి, అతని వేలు లాగుతూ. "అమ్మా నేనూ రోజూ పరిగెడతాం."