చిల్లుల మూత

“కారిపోతున్న సీసాకి మంచి మూత పెట్టాను. దానికీ గొడవేనా?” అన్నాడు మా ఆయన, తల తుడుచుకుంటూ.

“అది కారడం కాదు. చిల్లులు నేనే పెట్టుకున్నాను.”

“కావాలని చిల్లులు పెట్టుకునేదాన్ని నిన్నే చూశాను” అని నవ్వాడు. మంచం మీంచి అత్తయ్య అందుకుంది. “పాపం వాడు ఎప్పుడోగాని ఇంట్లో పని ముట్టుకోడు. ముట్టుకుంటే ఇదీ వరస. ఇంకోసారి చేస్తాడా?”

పాత మూత కోసం చెత్తబుట్ట మొత్తం వెతికాను. దొరకలేదు. చెత్తబండి అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది.

ఆ మూతకు పద్నాలుగు చిల్లులు. సూది ఎర్రగా కాల్చి ఒక్కొక్కటీ నేనే పొడిచాను. చిల్లు పెద్దదైతే నీళ్ళు ధారగా పడి ఆకు నలుగుతుంది, మరీ చిన్నదైతే రానే రావు. ఎండ ఎక్కిన దగ్గర్నుంచి పాలకూర మీద, కొత్తిమీర మీద అరగంటకోసారి చిలకరించాలి. చేత్తో చల్లితే కట్ట మధ్యలో నీరు నిలిచి కుళ్ళుతుంది. పదకొండేళ్ళుగా ఆ సీసా పొద్దున్నే నా బుట్టలో వీధి మూలకు వెళ్ళి, మధ్యాహ్నం నాతోపాటే ఇంటికొస్తోంది. రోజూ ఆయన కళ్ళ ముందే గూట్లో ఉంటోంది. ఇన్నేళ్ళకు దాని వైపు చూసి, పాడైపోయిందనుకున్నాడు.

బుట్టలో కట్టలు సర్దుకుంటుంటే నాకు మూత మీద కోపం కార్డు మీదికి మళ్ళింది.

కార్డు పోయిన వారం వచ్చింది. వీధిలో అమ్ముకునేవాళ్ళ కోసం మున్సిపాలిటీ వాళ్ళు కొత్త షెడ్డు కడుతున్నారు, కార్డున్నవాళ్ళకే అందులో చోటు. రెండు నెలల క్రితం మా వీధికి వచ్చి, ఎవరి చోటులో ఎవరు కూర్చుంటే వాళ్ళ ఫోటో తీసుకుని పేరు రాసుకున్నారు. ఆ సమయానికి నేను అక్కడ లేను. మా వీధిలో ఆడవాళ్ళు ఒంటికి వెళ్ళడానికి చోటు లేదు. ఉన్న ఒక్కటీ బస్టాండు వెనక, పోను రాను అరగంట. అందుకే మేమెవరమూ పొద్దున నీళ్ళు తాగం. ఆకులకు సీసాడు నీళ్ళు చల్లుతూ, ఎండిన నాలుకతో బేరాలాడతాం. తప్పనిసరై వెళ్ళాల్సొస్తే పక్కన నిమ్మకాయలు అమ్మే అక్క నా బుట్ట చూస్తుంది, ఆమె వెళ్తే నేను చూస్తాను. ఆ రోజు అక్కకు జ్వరం. ఇంటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన మా ఆయన్ని, కాసేపు కూర్చోమని చెప్పి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఫోటో తీసేసుకున్నారు. “రాసుకున్నారులే, పనైపోయింది” అన్నాడు. ఏం రాసుకున్నారో అడగాలని నాకూ తోచలేదు. కార్డు వచ్చాక చూశాను. వ్యాపారి అన్న చోట ఆయన పేరు, ఆయన ఫోటో. దాని కింద చిన్న అక్షరాల్లో, ‘సహాయకురాలు: భార్య’.

“ఎవరి పేరుంటే ఏంటి, ఇల్లొకటే కదా” అన్నాడు అప్పుడు. ఆ మాట మూడు రోజులు కూడా నిలవలేదు. షెడ్డు తయారవగానే అందులో మా మరిది ఫోన్ కవర్ల కొట్టు పెడతాడట. “ఎన్నాళ్ళని ఎండలో కూర్చుంటావు? ఇంటిపట్టున ఉండి అమ్మని చూసుకో” అన్నాడు మా ఆయన, నా మీద జాలి పడుతున్నట్టే.

ఈ రోజు మంచి మూత సీసాతో కూర్చున్నాను. చేత్తోనే చల్లాను. పది దాటేసరికి కొత్తిమీర తలలు వాల్చేసింది.

“ఇవాళ నీ కూర కూడా నీలాగే నీరసంగా ఉందేంటమ్మా?” అంది రోజూ కొనే పంతులమ్మ.

మూత సంగతి చెప్పగానే నిమ్మకాయల అక్క పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “చిల్లులెందుకో తెలియని మనిషి మొహం కార్డు మీదుందా? ఆయన్ని ఒక్క కట్ట కట్టమను, చూస్తాను” అంది. “కార్డుల మీద అభ్యంతరాలు ఇవ్వడానికి ఈ రోజే ఆఖరు. లే, నీ బుట్ట నేను చూస్తాను.”

లేచాను. పదో తరగతి తర్వాత మళ్ళీ ఇంత పొడుగ్గా రాయడం ఇదే. కాగితం నిండా రాశాను. వీధిలో ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. అక్క వేలిముద్ర వేసింది. చివర్లో ఇంకో వాక్యం కలిపాను, షెడ్డు పక్కన ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలని.

“మొగుడూపెళ్ళాల గొడవ ఆఫీసు దాకా ఎందుకమ్మా? ఇంట్లో మాట్లాడుకోవచ్చుగా” అన్నాడు మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా, కాగితం ముట్టుకోకుండా.

“ఇది పని గొడవండీ. నమోదు చేసుకుని రసీదివ్వండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాయంత్రం అందరం అన్నాలకు కూర్చున్నాం. అంటే వాళ్ళు కూర్చున్నారు, నేను వడ్డిస్తున్నాను. మరిది ఫోన్లో ఏదో చూపిస్తూ, “వదినా, షెడ్డులో మన చోటుకి ఈ ఫ్యాను బాగుంటుందా?” అన్నాడు.

గరిటె గిన్నెలో పెట్టేశాను. కంచం తెచ్చుకుని వాళ్ళ పక్కనే కూర్చుని, అన్నం పెట్టుకున్నాను.

“కార్డు మార్చమని అర్జీ ఇచ్చాను. రేపు పొద్దున వీధిలోకే విచారణకి వస్తారు” అన్నాను.

మా ఆయన చెయ్యి ఆగింది. “ఎవరినడిగి ఇచ్చావు?”

“అక్కడ పదకొండేళ్ళుగా కూర్చున్నదాన్ని అడిగి.”

“నలుగురిలో నా పరువేం కావాలి? మొగుడు అబద్ధం చెప్పాడని కాగితం రాసిస్తావా?”

“నిన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను చేసే పని రాశాను, అంతే. రేపు నువ్వు కూడా రావాలట. పని గురించి ఇద్దర్నీ అడుగుతారు. తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు.”

ఆయన తల్లి వైపు చూశాడు. ఎప్పుడూ కొడుకు కంటే ముందు నోరు తెరిచే అత్తయ్య, కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతోంది. తలెత్తకుండానే, “నా డబ్బాలో లావు సూది ఉంది. పొద్దున్నే కాల్చుకో” అంది, ఎవరికి చెప్తున్నదీ తెలియనివ్వకుండా.

మరిది ఇంకా ఫోను పట్టుకునే ఉన్నాడు. “మరి ఫ్యాను?” అన్నాడు.

“ఫ్యాను వద్దు బాబూ. గాలికి ఆకు వాడిపోతుంది.”