పదమూడు ఫ్రేములు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, ఆవిడ జ్ఞాపకశక్తి. ఇప్పుడే తీసిన కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండదు కానీ, మూడేళ్ల కిందట కారులో నేను అరిచిన అరుపు మాత్రం, ఆ కారులో తాను లేకపోయినా, నిన్నటిలా గుర్తు. కుక్కర్ కూత పెడితే చాలు, "అది అరిస్తే అన్నమైనా ఉడుకుతుంది. నువ్వు అరిస్తే మనిషే పోయాడు" అంటారు.

పోయిన మనిషి మా మామగారు. కారు నడిపింది మా ఆయన, పక్కన నేను, వెనక సీట్లో మామగారు. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మా ఆయన స్టీరింగ్ పక్కకి తిప్పేశారు. ఆ పక్కనే వస్తున్న బస్సు మా వెనక సీటుని గుద్దింది. ఊపిరితిత్తి చితికి నాలుగో రోజున మామగారు పోయారు. "తిన్నగా బ్రేకు వేసేవాణ్ణే. ఇది కెవ్వుమనేసరికి చెయ్యి తిరిగిపోయింది" అని ఆస్పత్రి వరండాలో మా ఆయన అన్న మాట చుట్టాలందరికీ నోటికొచ్చేసింది. నాక్కూడా. అప్పట్నించి నేను గట్టిగా తుమ్మను కూడా. మొన్న మరిగే నూనె మణికట్టు మీద చిందితే పెదవి కొరుక్కుని పొయ్యి కట్టేశాను. "ఇప్పటికి నేర్చుకుంది" అన్నారు అత్తగారు, మెచ్చుకోలుగా.

మా ఆయన ఉద్యోగం చెప్తే మీరు నవ్వుతారు. గుద్దుకోబోయే క్షణంలో డ్రైవర్లు ఏం చేస్తారన్నది ఆయన పరిశోధన. బీమా కంపెనీల నుంచి కారు లోపలి కెమెరా వీడియోలు వస్తాయి. పేర్లుండవు, నంబర్లే. సెకనుకి ముప్పై ఫ్రేములు. చెయ్యి ఏ ఫ్రేములో కదిలింది, అరుపు ఏ ఫ్రేములో వినిపించింది అని ఇద్దరు విడివిడిగా రాయాలి. ఒకరు ఆయన. రెండోవారికి జీతం దండగని, వంటయ్యాక నేను. పరిశోధన వ్యాసంలో నన్ను "శిక్షణ పొందిన సహాయకుడు" అంటారు. ఇద్దరికీ తేడా వస్తే కలిసి చూసి, తప్పు ఎవరిదో వాళ్లు పైకి ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆయన పెట్టిన నియమమే. ఇప్పటిదాకా పదకొండు తేడాలు, పదకొండు సంతకాలూ నావే.

నూట ఎనభై ఏడో వీడియోలో ముఖాలకి మసక వేశారు. వెనక సీట్లో ఉన్న మామగారి ఆకుపచ్చ మఫ్లరుకి వెయ్యడం మరిచిపోయారు.

లేచి మంచినీళ్లు తాగి వచ్చి, మిగతావాటికి చేసినట్టే దానికీ చేశాను. చెయ్యి, యాభై ఒకటి. అరుపు, అరవై నాలుగు. ఏడవలేదు. ఫ్రేములు చూసేటప్పుడు కళ్లు తడిగా ఉండకూడదని ఆయనే నేర్పారు.

ఆదివారం పొద్దున కాగితాలు పోల్చారు. ఆయన కాగితంలో అరుపు ముందుంది.

"నూట ఎనభై ఏడు తారుమారుగా వేశావు. దిద్దెయ్."

"దిద్దకూడదు కదండీ. కలిసి చూడాలి."

"ఇంత చిన్నదానికి రభస చెయ్యకు."

"రభస ఎందుకూ, మూడు సెకన్ల పని."

ల్యాప్‌టాప్ సోఫా వైపు తిప్పి, సౌండు పూర్తిగా పెంచి, వీడియో నడిపించాను. మూడేళ్ల తర్వాత ఈ ఇంట్లో నా గొంతు గట్టిగా వినిపించింది. పేపరు చదువుతున్న అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆ మఫ్లరు... నేనల్లిందే కదరా అది!"

ఈసారి ఒక్కో ఫ్రేమూ నొక్కుతూ పైకి చదివాను. యాభై. యాభై ఒకటిలో స్టీరింగ్ తిరిగింది. యాభై రెండు, యాభై మూడు... కింద పాకుతున్న సౌండు గీత అరవై నాలుగులో నిలువునా లేచింది.

కలం ఆయన ముందు పెట్టాను.

"సంతకం పెడతాలే, ఇలా తే."

"పైకి చెప్పాలండీ."

"సహాయకుడిదే కరెక్టు."

"అత్తయ్యకి అర్థమయ్యేలా."

అత్తగారు తెర మీంచి కళ్లు తిప్పి కొడుకుని చూశారు. "ఏంట్రా?"

ఆయన కలం మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.

"అమ్మా, ఇది అరవకముందే నేను తిప్పేశాను. తప్పు నాదే." తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నారు. "నాకు ఆ రోజే తెలుసు."